నిర్వచనం లేని పరిభాష: ముడుల సిద్ధాంతం నేర్పే పాఠం

శాస్త్రపరిభాషను గురించి తెలుగులో జరిగే చర్చ చాలాకాలంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: ఫలానా ఇంగ్లీషు మాటకు తెలుగు మాట ఏది? సంస్కృత ధాతువు నుంచి పదం కల్పించాలా, దేశ్యపదాన్ని స్వీకరించాలా, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసుకోవాలా అన్న విషయంలో పక్షాలు వేరు కావచ్చు. ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే. ఆ ప్రశ్నే సరైనది కాదని ఈ వ్యాసం వాదిస్తుంది. పారిభాషిక పదం మరొక పదానికి అనువాదం కాదు. అది ఒక నిర్వచనానికి పేరు. నిర్వచనాన్ని తెలుగు వాక్యంలో చెప్పకుండా పేరును మాత్రమే తెలుగు చేయడం ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఉదాహరణగా మాత్రమే పనికి వస్తుంది.

ఈ వాదనకు ఆధారంగా గణితంలోని ముడుల సిద్ధాంతాన్ని తీసుకుంటున్నాను. ముడి, జడ, పాయ, లంకె, మెలి వంటి ఇంటి మాటలతోనే ఈ శాస్త్రం మొదలవుతుంది. కానీ ఆ మాటల వెనుక ఉన్న నిర్వచనాలు ఇంటివి కావు. వాటిని సరిగా చెప్పడానికి గణితజ్ఞులకే శతాబ్దానికి పైగా పట్టింది. అందువల్ల మాటకూ నిర్వచనానికీ ఉన్న దూరం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

1. ‘గ్రంథి’ చెప్పిన కథ

కొన్నేళ్ల కిందట ఒక పదకోశ కార్యశాలలో పాల్గొనే అవకాశం నాకు కలిగింది. ఇంగ్లీషు పదాల జాబితా అకారాది క్రమంలో మా ముందుకు వచ్చింది. పక్కన ఖాళీ గడి. గడి నింపడమే పని. గణితానికి కేటాయించిన పుటల్లో ‘నాట్’ అన్న మాట ఎదురుగా ఒకరు ‘గ్రంథి’ అని సూచించారు. సంస్కృతంలో గ్రంథి అంటే ముడి అన్నది నిజమే కాబట్టి ఎవరూ ఆక్షేపించలేదు. ఆక్షేపించనివారిలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత పుటలో జీవశాస్త్ర పదాలు వచ్చాయి. అక్కడా గ్రంథి ఉన్నది. నేటి తెలుగులో గ్రంథి అంటే థైరాయిడ్ గ్రంథి, లాలాజల గ్రంథి. ‘గ్రంథుల సిద్ధాంతం’ అన్న శీర్షిక చూసిన విద్యార్థి వైద్యగ్రంథాన్ని ఊహించుకుంటాడే తప్ప గణితాన్ని కాదు.

ఇది ఒక పదాన్ని ఎంచుకోవడంలో జరిగిన పొరపాటు మాత్రమే అయితే ఇంత చెప్పనక్కరలేదు. ఆ గదిలో కూర్చున్న మేమెవరమూ గణితంలో ముడి అంటే ఏమిటో చెప్పమని అడగలేదు. అడిగే గడి ఆ కాగితంలో లేదు. పద్ధతిలోని లోపం అదే. అకారాది క్రమం పదాన్ని దాని బంధువుల నుంచి విడదీస్తుంది. ముడిని నిర్వచించడానికి కావలసిన ప్రమేయం ఒకచోట, అవిచ్ఛిన్నత మరొకచోట, సమానత ఇంకొకచోట పడిపోతాయి. మిగిలేది నిఘంటువులో వెతుక్కునే అర్థం మాత్రమే.

2. లోకంలో ముడి, గణితంలో ముడి

తెలుగులో ముడికి కొదవ లేదు. పీటముడి, జారుముడి, చిక్కుముడి, బ్రహ్మముడి, కొప్పుముడి మనకు తెలుసు. వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది: తాడుకు రెండు కొసలు ఉంటాయి. కొసలు ఉన్న ఏ ముడినైనా ఓపిక ఉంటే విప్పవచ్చు. అందువల్ల గణితం దృష్టిలో పీటముడికీ, ముడే లేని తాడుకూ తేడా లేదు. తేడా రావాలంటే రెండు కొసలనూ కలిపేయాలి. గణితజ్ఞుడి ముడికి కొసలు లేవు, మందం లేదు, రాపిడి లేదు. లోకంలో ముడిని ముడిగా నిలిపే రాపిడే ఇక్కడ లేకపోవడం గమనించదగినది.

నిర్వచనం ఇది: వృత్తం ప్రదేశంగా, త్రిపరిమాణ అంతరాళం సహప్రదేశంగా గల అవిచ్ఛిన్న అన్వేక ప్రమేయపు వ్యాప్తిని ముడి అంటారు. ‘అవిచ్ఛిన్న’ అంటే ఎక్కడా తెగలేదు. ‘అన్వేక’ అంటే ఎక్కడా తనను తాను తాకలేదు. ప్రదేశం వృత్తం కాబట్టి కొసలు లేవు. ఈ వాక్యంలో నేను కల్పించిన పదం ఒక్కటీ లేదు. ప్రదేశం, సహప్రదేశం, వ్యాప్తి, అన్వేకం, అవిచ్ఛిన్నత తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ గణితం చదివిన ప్రతి విద్యార్థికీ పరిచయమైన మాటలే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు చేసిన మేలు ఇది. ఆ మాటలు నిలిచాయి. ఎందుకంటే అవి పదకోశంలో కాక పాఠంలో, నిర్వచనంతో, ఉదాహరణతో, అభ్యాసంతో వచ్చాయి.

సాధారణ ముడిని ‘సాధు ముడి’ అనీ, అనంతంగా చిక్కుపడుతూ ఒక బిందువు దగ్గరికి చేరే ముడిని ‘వన్య ముడి’ అనీ అనవచ్చు. పరిమితసంఖ్యలో సరళరేఖా ఖండాలతో కూర్చిన సంవృత బహుభుజికి సమానమయ్యేది సాధు ముడి. సమానమంటే ఏమిటో వెంటనే చెప్పుకుందాం. అలా కాని వక్రాలు నిజంగా ఉన్నాయని 1948లో ఫాక్స్, ఆర్టిన్ ప్రసిద్ధమైన ఉదాహరణలతో చూపారు. సాధు జంతువు అనే ప్రయోగం మనకు ఉన్నది కాబట్టి ఈ రూపకం తెలుగులో ఇమిడింది. రూపకాన్ని అనువదించడం తప్పని నేను అనడం లేదు. నిర్వచనం పక్కన ఉన్నప్పుడే ఆ రూపకం పనిచేస్తుందని అంటున్నాను.

3. సమానత: ఒక తప్పుడు నిర్వచనం

రెండు ముడులు ఒకటే అనడానికి అర్థం ఏమిటి? పరిభాషను పదాలుగా చూసేవారికి ఈ ప్రశ్న తట్టదు. ‘సమానం’ అనే మాట మనకు ఉండనే ఉన్నది. కానీ ఈ శాస్త్రమంతా ఈ ప్రశ్న మీదనే నిలిచి ఉన్నది.

మొదట తట్టే సమాధానం: తెగకుండా, తనను తాను దాటకుండా, మొదటి ముడిని క్రమంగా కదుపుతూ రెండో ముడిగా మార్చగలిగితే రెండూ సమానం. ఈ సమాధానం సహజంగా ఉన్నది, సులభంగా ఉన్నది, తప్పుగా ఉన్నది. దారంలో ముడిపడిన భాగాన్ని బిగిస్తూ పోదాం. మందం లేని దారం కాబట్టి ఎంతైనా బిగించవచ్చు. చివరి క్షణంలో ముడి ఒక బిందువులో కలిసిపోతుంది. ఈ ప్రక్రియలో ఏ క్షణంలోనూ దారం తెగలేదు, తనను తాను తాకలేదు. అంటే ఈ నిర్వచనం ప్రకారం సాధు ముడులన్నీ ముడి లేని వృత్తంతో సమానమే. శాస్త్రం మొత్తం ఒక్క వాక్యంలోని లోపం వల్ల శూన్యమైపోయింది.

సరైన నిర్వచనం ముడిని కాక అంతరాళాన్ని కదుపుతుంది. అంతరాళాన్నంతటినీ కాలంతోపాటు అవిచ్ఛిన్నంగా, చింపకుండా, ఏ రెండు బిందువులనూ ఒకటి చేయకుండా కదిపి, మొదటి ముడిని రెండో ముడి మీదికి తేగలిగితే ఆ ముడులు సమానం. బిగించి మాయం చేసే యుక్తి ఇక్కడ చెల్లదు. ముడి చుట్టూ ఉన్న అంతరాళం కూడా నలిగి బిందువు కావలసి వస్తుంది, అది నిషిద్ధం.

ఇప్పుడు దీనికి పేరు కావాలి. ఇంగ్లీషులో దీన్ని ‘యాంబియెంట్ ఐసోటొపీ’ అంటారు. రెండో మాటలోని గ్రీకు అవయవాలకు ‘సమ’, ‘స్థానం’ అని అర్థం. పదానికి పదం పెడితే ‘పరిసర సమస్థానత’ వస్తుంది. అందులో కదలిక లేదు. కదలికే నిర్వచనానికి ప్రాణం. పైగా రసాయనశాస్త్రంలోని ఐసోటోపులతో గందరగోళం. నిర్వచనం చదివినవాడు ‘అంతరాళ విరూపణం’ అంటాడు. వినగానే కదిలేది అంతరాళమని తెలుస్తుంది. ఇంతకంటె మంచి మాట మరొకరు చెప్పవచ్చు. చెప్పేవారు నిర్వచనం నుంచి బయలుదేరాలన్నదే నా షరతు.

4. పట్టికలు చేసిన మోసం

పట్టిక మీద మనకున్న నమ్మకానికి ఈ శాస్త్రచరిత్రలోనే సమాధానం ఉన్నది. 1867లో విలియం థామ్సన్, అంటే తరువాతి లార్డ్ కెల్విన్, పరమాణువులు ఈథర్‌లో ఏర్పడిన సుడివలయాలని ప్రతిపాదించాడు. ఒక్కొక్క మూలకం ఒక్కొక్క రకపు ముడి అయితే, ముడులను జాబితా వేయడం మూలకాలను జాబితా వేయడమే అవుతుంది. ఆ ఉత్సాహంతో పీటర్ గథ్రీ టైట్ 1870లలో ముడుల పట్టికకు పూనుకున్నాడు. కిర్క్‌మన్, లిటిల్ ఆ పనిని విస్తరించారు. భౌతికశాస్త్రంలో ఆ పరమాణువాదం నిలవలేదు. పట్టికలు మాత్రం మిగిలాయి.

టైట్ పదసృష్టిలో సమర్థుడు. ‘నాటినెస్’, ‘బీనాటెడ్‌నెస్’ వంటి మాటలు చేశాడు. ప్రతిబింబంతో సమానమయ్యే ముడికి ‘యాంఫికైరల్’ అని పేరు పెట్టాడు. మొదటి రెండూ నేడు వాడుకలో లేవు, మూడోది నిలిచింది. ఇంగ్లీషు పరిభాష ఆకాశం నుంచి దిగివచ్చినదేమీ కాదు. అక్కడా పదాలు పుట్టాయి, కొన్ని గిట్టాయి. మొదటి ప్రయత్నంలోనే శాశ్వతమైన పదం చెప్పాలన్న భయం మనకు మాత్రమే ఎందుకు?

పట్టికలోని అసలు ప్రమాదం 1974లో బయటపడింది. లిటిల్ 1899లో ప్రకటించిన పది దాటుల పట్టికలో రెండు వేర్వేరు ముడులుగా నమోదైనవి నిజానికి ఒకే ముడి అని కెనెత్ పెర్కో నిరూపించాడు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన చూసిన దాన్ని 75 ఏళ్లపాటు నిపుణులెవరూ చూడలేదు. రెండు చిత్రాలకూ మెలికల మొత్తం వేరుగా ఉన్నది. అనవసరపు దాటులు లేని చిత్రాల్లో ఆ మొత్తం మారదని లిటిల్ నమ్మాడు. ఆ నమ్మకానికి నిరూపణ లేదు, అది తప్పు. రెండు పేర్లు ఉన్నంత మాత్రాన రెండు వస్తువులు ఉన్నట్టు కాదు.

లెక్క కూడా నిర్వచనం మీదనే ఆధారపడుతుంది. పది దాటుల వరకు ప్రధాన ముడులు 249 అంటారు. ముడినీ దాని ప్రతిబింబాన్నీ ఒకటిగా లెక్కిస్తేనే ఈ సంఖ్య వస్తుంది. త్రిదళ ముడి ఎడమచేతి రూపమూ కుడిచేతి రూపమూ అంతరాళ విరూపణంతో ఒకటి కావని 1914లోనే మాక్స్ డేన్ నిరూపించాడు. మన పదకోశాల ముందుమాటల్లో ‘ఇన్ని వేల పదాలు’ అన్న లెక్క కనిపించినప్పుడల్లా నాకు ఈ పట్టికలు గుర్తుకు వస్తాయి. వేటిని వేర్వేరుగా లెక్కించారు? ఏ నిర్వచనంతో?

5. నిర్వచనం నుంచి మాట దాకా

నిర్వచనం ముందు ఉంటే పదం ఎంపిక ఎలా మారుతుందో కొన్ని ఉదాహరణలు చూద్దాం.

ముడిని కాగితం మీద గీసినప్పుడు ఒక పోగు మరొక పోగు మీదుగా పోయే చోటు ఉంటుంది. నిఘంటువు ‘ఖండన బిందువు’ అంటుంది. కానీ రేఖాగణితంలో ఖండన బిందువు అంటే రెండు రేఖలకూ ఉమ్మడి బిందువు. ముడిలో ఉమ్మడి బిందువు ఉండరాదన్నదే నిర్వచనం. అంటే ఈ అనువాదం నిర్వచనాన్నే కాదంటున్నది. ‘దాటు’ అన్న మాట సరిపోతుంది: పై దాటు, కింది దాటు.

ఒక దాటులో పైపోగును కిందికి మార్చాలంటే దాన్ని తెంపి, అవతలివైపు మళ్లీ కలపాలి. ముడిని శూన్య ముడిగా మార్చడానికి, దాని చిత్రాలన్నింటినీ పరిగణించి చూసినప్పుడు, కనీసం ఎన్ని దాటులు ఇలా మార్చాలో ఆ సంఖ్యను ఇంగ్లీషులో ‘అన్‌నాటింగ్ నంబర్’ అంటారు. దీనికి ‘విప్పుడు సంఖ్య’ అని రాస్తే తప్పుదారి పట్టిస్తుంది. విప్పడంలో తెంపడం లేదు. ‘తెంపుడు సంఖ్య’ అంటే జరిగే పని తెలుస్తుంది. నిర్వచనంలోని ‘చిత్రాలన్నింటినీ’ అన్న మాట ఎంత బరువైనదో ఇటీవల మరోసారి తేలింది. రెండు ముడులను కలిపితే వాటి తెంపుడు సంఖ్యలు కూడుతాయని చాలాకాలం ఊహించారు. ఏడు దాటుల ఒక ముడికి తెంపుడు సంఖ్య 3. దాని ప్రతిబింబానికీ 3. ఆ రెంటినీ కలిపిన ముడికి 5 తెంపులు చాలునని 2025లో బ్రిటెన్‌హామ్, హెర్మిల్లర్ చూపారు. కంటికి ఎదురుగా ఉన్న చిత్రాన్ని మాత్రమే నమ్మినవారికి ఇది అందదు.

రెండు ముడులను ఒక్కొక్కచోట తెంపి, కొసలను ఒకదానితో ఒకటి కలిపితే వాటి మొత్తం వస్తుంది. రెండు నిజమైన ముడుల మొత్తంగా రాయలేని, తాను శూన్యం కాని ముడి ‘ప్రధాన ముడి’. వాడుక భాషలో ప్రధానం అంటే ముఖ్యమని కదా, ఇది అపార్థానికి తావీయదా అని అడగవచ్చు. తావీయదు, ప్రధాన సంఖ్య అన్న ప్రయోగం బడిలోనే స్థిరపడింది. ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే విధంగా విడిపోయినట్టే, ప్రతి ముడీ ప్రధాన ముడుల మొత్తంగా ఒకే విధంగా విడిపోతుందని 1949లో షూబర్ట్ నిరూపించాడు. ఒకటి ప్రధాన సంఖ్య కానట్టే శూన్య ముడి ప్రధాన ముడి కాదు. పదం ఒక కుటుంబం నుంచి వచ్చినప్పుడు ఆ కుటుంబపు జ్ఞానాన్నంతా వెంట తెస్తుంది.

మరొక పదం తీసుకుందాం. ప్రతి సాధు ముడీ రెండు ముఖాలుగల ఒక తలానికి అంచు అవుతుందని చూపే సులభమైన పద్ధతిని 1934లో సైఫర్ట్ ఇచ్చాడు. అటువంటి తలాలన్నింటిలో కప్పుకుండే పిడివంటి పిడులు అతి తక్కువగా ఉన్నదాన్ని తీసుకుని, ఆ పిడులను లెక్కపెడితే ముడికి ఒక సంఖ్య వస్తుంది. ఇంగ్లీషులో దాని పేరు ‘జీనస్’. పదకోశం జీవశాస్త్రపు పుట తిప్పి ‘ప్రజాతి’ అని రాస్తుంది. ముడికి ప్రజాతి ఏమిటి? ‘పిడుల సంఖ్య’ అంటే నిర్వచనం పేరులోనే ఉన్నది.

జడ అన్న మాటలో తెలుగు ధనికమైనది. ఇంగ్లీషువారు ‘బ్రెయిడ్’ అన్నదానికి జడ, ‘స్ట్రాండ్’ అన్నదానికి పాయ మన ఇళ్లలోనే ఉన్నాయి. మూడు పాయల జడ ఎలా అల్లుతారో తెలిసినవారికి 1925లో ఆర్టిన్ రాసిన జడల సమూహానికి సగం దారి తెలిసినట్టే. అయితే ఇక్కడ వ్యాకరణం అవసరమవుతుంది. ‘జడసమూహం’ అని సమాసం చేస్తే భౌతికశాస్త్రంలోని జడత్వం గుర్తుకు వస్తుంది. సంస్కృత ‘జడ’ వేరు, తెలుగు ‘జడ’ వేరు. ‘జడల సమూహం’ అంటే సందేహం లేదు. అలాగే ‘ముడి సిద్ధాంతం’ అంటే ముడిచమురు, ముడిసరుకు వరుసలో పక్వం కాని సిద్ధాంతమన్న అర్థం స్ఫురిస్తుంది. ‘ముడుల సిద్ధాంతం’ అంటే స్ఫురించదు. బహువచనంలో ‘ముళ్లు’ అన్న రూపం మూడు ముళ్లలో సహజమే అయినా, ముల్లు బహువచనంతో కలిసిపోతుంది; శాస్త్రరచనలో ‘ముడులు’ అన్న రూపాన్నే నియమంగా పాటించాలి. తెలుగు శాఖలు గణితానికి చేయగల నిజమైన సాయం ఇటువంటిది. వైరిసమాసమా కాదా అన్న తగవుకంటె షష్ఠీ బహువచనం ఎక్కడ సందిగ్ధతను తొలగిస్తుందో చెప్పడం ఎక్కువ ఉపయోగకరం.

6. తెలుగులో ఒక నిరూపణ

మాటలు ఉన్నా తెలుగు వాక్యం నిరూపణను మోయలేదని కొందరి అభిప్రాయం. దానికి సమాధానం వాదన కాదు, నిరూపణే. త్రిదళ ముడి నిజంగా ముడేనా? అంటే, అది శూన్య ముడితో సమానం కాదని ఎలా తెలుస్తుంది? ఎంత ప్రయత్నించినా విడిపోలేదు అనడం నిరూపణ కాదు. మరికొంత ప్రయత్నిస్తే విడిపోతుందేమో.

చిత్రంలో ఒక కింది దాటు నుంచి తరువాతి కింది దాటు వరకు ఎడతెగక సాగే భాగాన్ని ఒక పోగు అందాం. ప్రతి పోగుకూ ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఒకటి వేద్దాం. నియమాలు రెండు. ప్రతి దాటు దగ్గర కలిసే మూడు పోగులకూ ఒకే రంగైనా ఉండాలి, మూడు వేర్వేరు రంగులైనా ఉండాలి. రెండు రంగులు మాత్రమే ఉండరాదు. చిత్రం మొత్తంలో కనీసం రెండు రంగులు వాడాలి.

ఒక ముడికి చెందిన ఏ చిత్రం నుంచైనా మరే చిత్రానికైనా మూడు రకాల చిన్న మార్పులతో చేరవచ్చునని 1920లలో రైడెమైస్టర్, విడిగా అలెగ్జాండర్, బ్రిగ్స్ నిరూపించారు. ఒక పోగుకు మెలి వేయడం లేదా ఉన్న మెలి తీయడం మొదటిది. ఒక పోగును పక్క పోగు కిందికి జరపడం లేదా వెనక్కి తీయడం రెండోది. ఒక దాటుకు ఇవతల ఉన్న పోగును అవతలికి జరపడం మూడోది. మెలి దగ్గర కలిసే మూడింటిలో రెండు ఒకే పోగు కాబట్టి మూడో దానికీ అదే రంగు తప్పదు. మెలి తీసినా రంగులు చెడవు. ఒక పోగు మరొకదాని కిందికి జరిగినప్పుడు మధ్యలో కొత్తగా ఏర్పడే తునకకు రంగు ఒకే విధంగా నిర్ణయమవుతుంది: రెండూ ఒకే రంగువైతే అదే రంగు, కాకపోతే మూడో రంగు. మూడో మార్పులో కూడా అంచున ఉన్న రంగులను మార్చకుండా లోపలి తునకకు రంగు సరిచేయవచ్చు; ఉన్న కొద్ది సందర్భాలను గీసి చూస్తే తేలుతుంది. కాబట్టి ఒక చిత్రానికి మూడు రంగులు అమరితే ఆ ముడి చిత్రాలన్నింటికీ అమరుతాయి.

త్రిదళ ముడి చిత్రంలో మూడు పోగులు, మూడు దాటులు ఉన్నాయి. ప్రతి దాటు దగ్గర మూడు పోగులూ కలుస్తాయి. ఒక్కొక్క పోగుకు ఒక్కొక్క రంగు వేస్తే నియమాలు రెండూ నెరవేరతాయి. శూన్య ముడికి వృత్తమే చిత్రం; ఉన్నది ఒకే పోగు, ఒకే రంగు; రెండో నియమం నెరవేరదు. కనుక రెండూ సమానం కావు. నిరూపణ పూర్తయింది.

ఇటువంటి మారని లక్షణాన్ని ‘అవికారి’ అనవచ్చు. తెలుగు విద్యార్థికి దీన్ని చెప్పడానికి దగ్గరి దారి వ్యాకరణంలోనే ఉన్నది: లింగ వచన విభక్తులు మారినా మారనిది అవ్యయం; అంతరాళ విరూపణంలో మారనిది అవికారి. అవికారి ఒకవైపే తీర్పు ఇస్తుందన్నది కూడా నేర్పాలి. విలువలు వేరైతే ముడులు వేరు. విలువలు ఒకటైతే ఏమీ తేలదు. నాలుగు దాటుల ముడికి మూడు రంగులు అమరవు, అయినా అది శూన్య ముడి కాదు. 1984లో వాన్ జోన్స్ కనుగొన్న బహుపది శూన్య ముడిని మిగిలిన అన్ని ముడుల నుంచీ వేరుచేయగలదా అన్నది నేటికీ తేలని ప్రశ్న.

7. పూర్వపక్షాలు

ముడి లేనిదాన్ని ‘శూన్య ముడి’ అనడం భాషకు విరుద్ధమన్నది మొదటి ఆక్షేపణ. ఏ మూలకమూ లేనిదాన్ని శూన్య సమితి అని మనం అరవై ఏళ్లుగా అంటూనే ఉన్నాం, భాష చెడలేదు. నిర్వచనాన్ని తృప్తిపరిచేది ముడి. వృత్తం తృప్తిపరుస్తుంది. ఇక్కడ లోకవ్యవహారం సాక్షి కాగలదు, న్యాయమూర్తి కాలేదు.

దేశ్యపదాలకు శాస్త్రగౌరవం ఉండదన్నది రెండో ఆక్షేపణ. ఇంగ్లీషువాడు ‘నాట్’ అన్నది నావికుడి మాట, ‘బ్రెయిడ్’ అన్నది జడ వేసుకునేవారి మాట. గౌరవం నిర్వచనం వల్ల వచ్చింది, కులం వల్ల కాదు. సంస్కృతపదమైనా నిర్వచనం లేకపోతే గౌరవం రాదని ‘గ్రంథి’ చూపింది.

ఇంగ్లీషు మాటలనే ఉంచితే సరిపోదా అన్నది మూడోది. కొన్నిచోట్ల సరిపోతుంది. టోపాలజీ అన్న మాట నాకు అభ్యంతరం కాదు. 1847లో లిస్టింగ్ జర్మన్‌లో పుస్తకశీర్షికగా వాడిన ఆ మాటను ఇంగ్లీషువారు కూడా అరువు తెచ్చుకున్నదే. నా అభ్యంతరం వేరు. ఇంగ్లీషు మాటను ఉంచినవారు చాలాసార్లు నిర్వచనాన్ని కూడా ఇంగ్లీషులోనే ఉంచుతారు. తెలుగులో మిగిలేది క్రియాపదం మాత్రమే. పదం అరువు తెచ్చుకోవచ్చు, ఆలోచనను అరువు తెచ్చుకోలేం.

రూపకాన్ని యథాతథంగా అనువదించాలన్నది నాలుగోది. డెడెకిండ్ జర్మన్‌లో శరీరమని అర్థమిచ్చే మాటతో పిలిచినదాన్ని ఇంగ్లీషువారు పొలమని అర్థమిచ్చే మాటతో పిలిచారు. మనం ఇంగ్లీషును అనుసరించి క్షేత్రం అన్నాం. శరీరమా, పొలమా అన్న తేడా వల్ల ఒక్క సిద్ధాంతమూ మారలేదు, ఎందుకంటే నిర్వచనం మారలేదు.

8. చేయవలసినది

పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు పదాల పట్టిక ఇవ్వలేదు, గణితాన్నే ఇచ్చాడు. లెక్క చెప్పాడు, చేసే విధం చెప్పాడు. పదాలు ఆ పని మధ్యలో పుట్టాయి. తెలుగులో శాస్త్రరచనకు మనకున్న తొలి ఆదర్శం అది. దాన్ని వదిలి గడులు నింపే పనికి దిగాం.

ఈ విషయంలో తెలుగు శాఖల బాధ్యత తక్కువ కాదు. పరిభాష మీద మనం చేయించే పరిశోధనల్లో పదాలను తత్సమం, దేశ్యం, మిశ్రం అని వర్గీకరించి శాతాలు కట్టడం ఒక ఆనవాయితీ అయింది. ఆ పదం ఏ నిర్వచనానికి పేరో, ఆ నిర్వచనాన్ని ఆ పదం మోస్తున్నదో లేదో పరిశీలించే అధ్యాయం సాధారణంగా ఉండదు. పర్యవేక్షకుల్లో ఒకడిగా ఈ విమర్శ నాకూ వర్తిస్తుంది.

కనుక మూడు నియమాలు ప్రతిపాదిస్తున్నాను. తెలుగు వాక్యంలో నిర్వచనం, ఆ నిర్వచనానికి లోబడే ఒక ఉదాహరణ, లోబడని ఒక ప్రత్యుదాహరణ లేకుండా ఏ పదాన్నీ పదకోశంలో చేర్చరాదు. పదాలను అకారాదిగా కాక, ఏది ఏదాని మీద ఆధారపడుతుందో ఆ క్రమంలో ముందు కూర్చాలి. అకారాది సూచిక చివర చాలు. పరిభాషపై వచ్చే సిద్ధాంతవ్యాసానికి ఆ శాస్త్రం తెలిసిన ఒక పరీక్షకుడు తప్పనిసరి కావాలి.

ఈ నియమాలతో పదకోశాలు సన్నబడతాయి. వేల పదాలకు బదులు వందలే మిగలవచ్చు. మిగిలినవాటితో మాత్రం ఒక తెలుగు విద్యార్థి తెలుగులో ఆలోచించి, త్రిదళ ముడి విడిపోదని తనంతట తాను నిరూపించగలుగుతాడు.